వణుకు ఆగితే కోలుకుంటున్నాడనుకున్నాం: హైపోథెర్మియా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

వానచినుకు
అందరికీ నమస్కారం. పెద్ద పోస్టే, కాస్త ఓపిగ్గా చదవండి. పోయిన వారం మేం ఆరుగురం కొండ ఎక్కడానికి వెళ్ళాం. మంచు లేదు, నీళ్ళు గడ్డకట్టే చలీ కాదు, ఫోన్‌లో 11 డిగ్రీలు చూపించింది. మధ్యాహ్నం వాన మొదలైంది, దానికి తోడు ఈదురుగాలి. మాలో ఒకడి రెయిన్‌కోటు ముళ్ళకంపకి తగిలి వీపు మీద బారెడు చిరిగింది, లోపల కాటన్ చొక్కా ముద్దయిపోయింది. గంటసేపు గజగజ వణికాడు, పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ తర్వాత వణుకు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. "హమ్మయ్య, నడిచేసరికి ఒంట్లో వేడి పుట్టింది" అన్నాను. నేనే అన్నాను ఆ మాట, అందుకే ఇది రాస్తున్నాను.

అక్కణ్ణించి వాడు మాట్లాడటం మానేశాడు. పలకరిస్తే విసుక్కున్నాడు. అడుగులు తడబడ్డాయి, బ్యాగు జిప్పు పట్టుకుని ఎంతసేపు తిప్పలుపడ్డా తీయలేకపోయాడు, మేమేమో అలసట అనుకున్నాం. చివరికి ఒక రాయి మీద కూలబడి ఒళ్ళు కాలిపోతోందంటూ ఉన్న కోటు కూడా విప్పేయబోయాడు. అప్పుడు గుండె ఝల్లుమంది. నేను చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దాను, ఇంకొకడు బ్యాగులో ఉన్న మందు రెండు గుక్కలు తాగించాడు, ఇద్దరం చెరో రెక్క పట్టుకుని లేపి నడిపించాం. ఎదురుగా వస్తున్న ఒకాయన చూసి "ఆపండి, ముందు పడుకోబెట్టండి" అని కేకేసి, తన స్లీపింగ్ బ్యాగ్ తీసి వాణ్ణి అందులో పెట్టి, రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేయించాడు. ఆసుపత్రిలో చూస్తే 31.8 డిగ్రీలు. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

మేం చేసినవాటిలో ఏవి తప్పు, ఎక్కడ గుర్తుపట్టి ఉండాల్సింది? మొహమాటం లేకుండా చెప్పండి.

నైట్‌డ్యూటీ
ముందు మీ స్నేహితుడు బతికి బయటపడ్డందుకు చాలా సంతోషం అండి. నేను అత్యవసర విభాగంలో నర్సుని. మీరు అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను: వణుకు ఆగిన క్షణమే అసలు ప్రమాదం మొదలైంది.

మామూలుగా శరీరం లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది 35 కన్నా తగ్గితే హైపోథెర్మియా. 35 నుంచి 32 దాకా తేలికపాటిది, 32 నుంచి 28 దాకా మధ్యస్థం, 28 కన్నా దిగితే తీవ్రం. వణుకు అంటే కండరాలు వేడి పుట్టించడం కోసం చేసే పని, విశ్రాంతిగా ఉన్నప్పటికంటే నాలుగైదు రెట్ల వేడి కూడా పుట్టించగలదు. దానికి ఒంట్లో చక్కెర కావాలి. అది అయిపోయినా, ఒంటి వేడి 32, 30 ప్రాంతానికి దిగినా వణుకు ఆగిపోతుంది. అంటే పొయ్యి ఆరిపోయిందన్నమాట. పొడిబట్టలు వేసుకుని, తిని, చక్కగా మాట్లాడుతూ ఉన్న మనిషికి వణుకు తగ్గితే అది కోలుకోవడం. తడిబట్టల్లో, గాలిలో, మాట తగ్గిపోయిన మనిషికి వణుకు తగ్గితే దాన్ని కోలుకోవడం అనుకోకూడదు. తేడా వణుకులో కనపడదు, మనిషిలో కనపడుతుంది.

ప్రశ్నలబుట్ట
11 డిగ్రీల్లో ఒంటి వేడి 31కి పడిపోవడం ఎలా సాధ్యం? హైపోథెర్మియా అంటే మంచుకొండల్లో ఇరుక్కుపోయినవాళ్ళకి వచ్చేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కొంచెం వివరిస్తారా ఎవరైనా.

కొండబాట
పదిహేనేళ్ళుగా జనాన్ని కొండలెక్కిస్తున్నాను, నన్ను అడిగితే గడ్డకట్టే పొడి చలికంటే ఐదు నుంచి పన్నెండు డిగ్రీల వానకే ఎక్కువ భయపడతాను. గడ్డకట్టే చలికి జనం సిద్ధపడి వస్తారు. వానకి రారు.

ఒంటి వేడి నాలుగు దారుల్లో పోతుంది. చల్లటి నేలా బండా తగిలి లాగేస్తాయి, గాలి ఒంటి చుట్టూ ఉన్న వెచ్చటి పొరని ఊడ్చేస్తుంది, తడి ఆవిరవుతూ పట్టుకుపోతుంది, మిగిలినది ఊరికే ఒంట్లోంచి బయటికి వెలువడుతుంది. నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగుతాయి. కాటన్ తడిస్తే ఒంటికి అతుక్కుని ఆ పనే చేస్తుంది, ఉన్ని అయితే తడిసినా కొంత వేడి నిలుపుతుంది. మీవాడికి వాన, గాలి, కాటన్, అలసట, బహుశా ఖాళీ కడుపు, అన్నీ ఒకేసారి కలిశాయి.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు పందెం జరిగింది. మే నెల. నిక్కర్లు, పల్చటి చొక్కాలతో పరుగు మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఎత్తులో వడగళ్ళు, మంచులాంటి వాన, నిలబడనివ్వని గాలి. 21 మంది చనిపోయారు, వాళ్ళలో ఆ దేశంలోనే పేరున్న పరుగువీరులున్నారు. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తన గుహలోకి తీసుకెళ్ళి మంట వేసి కాపాడాడు. ఒంట్లో బలం ఉన్నంత మాత్రాన చలి వదిలిపెట్టదు. సన్నగా ఉండి, ఒంట్లో ఉన్న శక్తంతా పరుగులో ఖర్చుపెట్టేసిన మనిషి ఇంకా త్వరగా చల్లబడతాడు.

ఇక ఎక్కడ గుర్తుపట్టాల్సింది అన్నారు కదా. నేను నా జట్టుకి నాలుగు మాటలు నేర్పుతాను: తూలడం, జారవిడవడం, నసగడం, సణగడం. నడక తూలుతుంది, చేతిలో వస్తువు జారిపోతుంది, మాట నసుగుతుంది, మనిషి ఊరికే సణుగుతాడు. మీవాడిలో ఇవే కనపడ్డాయి, మీరు రాసినదాంట్లోనే ఉన్నాయి చూడండి. ఆ జిప్పు దగ్గరే ఆగిపోవాల్సింది.

రాతిబండ
అందరూ మందు తప్పు అంటారని తెలుసు కానీ నేనొకటి అడుగుతా. చలిలో రెండు గుక్కలు పడితే ఒళ్ళు వెచ్చబడటం నాకు అనుభవమే, నేను ఊహించుకున్నది కాదు. పైగా చేతులు రుద్దితే రక్తం ఆడుతుంది కదా. మరి అది కూడా తప్పెలా అవుతుంది?

నైట్‌డ్యూటీ
@రాతిబండ మీకు వెచ్చగా అనిపించిన మాట నిజమే అండి, అబద్ధమని ఎవరూ అనరు. కానీ ఆ వెచ్చదనం ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. చలి వేసినప్పుడు చర్మం దగ్గరున్న రక్తనాళాలు ముడుచుకుని రక్తాన్ని లోపల, గుండె ఊపిరితిత్తుల దగ్గర దాచుకుంటాయి. మందు ఆ నాళాల్ని వదులు చేస్తుంది, లోపలి వెచ్చటి రక్తం చర్మానికొస్తుంది, మీకు వెచ్చగా అనిపిస్తుంది, అదే వేడి గాలికి పోతుంది. చర్మం వెచ్చబడినకొద్దీ గుండె చల్లబడుతుంది. దానికి తోడు వణుకునీ తగ్గిస్తుంది, బుద్ధినీ మందగింపజేస్తుంది, ఒంట్లో చక్కెరనీ తగ్గించవచ్చు. ఆ సమయానికి మనిషికి కావలసినవే ఆ మూడూ.

కోటు విప్పబోయాడన్నారు చూడండి, అది కూడా ఇలాంటిదే, మందు లేకుండా ఒంట్లో దానంతటదే జరుగుతుంది. ముడుచుకుని ముడుచుకుని అలిసిపోయిన నాళాలు ఒక్కసారి వదిలేస్తాయి, మనిషికి ఒళ్ళు మండిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేస్తాడు. చలికి చనిపోయినవాళ్ళు కొందరు బట్టలు లేకుండా దొరకడానికి అదే కారణం, చూసినవాళ్ళు ఇంకేదో జరిగిందని అనుమానపడతారు పాపం.

రుద్దడం గురించి డాక్టరుగారు ఎవరైనా చెప్తే మేలు.

అర్ధరాత్రి_డాక్టర్
నేను ఎమర్జెన్సీ మెడిసిన్. రుద్దడం దగ్గర్నుంచే మొదలుపెడతాను.

చల్లబడిన గుండె చాలా చిరాకుగా ఉంటుంది. 30 డిగ్రీల కిందికి వెళ్ళాక చిన్న కుదుపుకి కూడా లయ తప్పి ఊరికే అదరడం మొదలుపెట్టవచ్చు, అంటే రక్తం పంపడం ఆగిపోతుంది. కాళ్ళూ చేతులూ రుద్దినా, నడిపించినా, గబుక్కున లేపి కూర్చోబెట్టినా రెండు జరుగుతాయి: అక్కడ గడ్డకట్టినంత చల్లగా ఉన్న రక్తం గుండెకి చేరుతుంది, రక్తపోటూ పడిపోతుంది. చలిలోంచి బయటికి తెచ్చాక కూడా లోపలి వేడి కాసేపు ఇంకా దిగుతూనే ఉంటుంది, ఆ సమయంలో కదిలిస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. అందుకే ఆ పెద్దమనిషి "పడుకోబెట్టండి" అని అరిచాడు. మీవాడి ప్రాణం నిలబడ్డ మాట అదే. గాజుసామాను మోసినట్టు మోయాలి, అడ్డంగా పడుకోబెట్టే మోయాలి. చర్మం గడ్డకట్టిన చోట రుద్దితే లోపల కణజాలం చిరుగుతుంది, అది వేరే నష్టం.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను.

స్పృహలో ఉండి వణుకుతూ ఉన్న మనిషైతే: గాలికి వానకి అడ్డంగా తీసుకెళ్ళండి, నేల మీద కాకుండా ఏదైనా పరిచి పడుకోబెట్టండి, తడిబట్టలు తీసి పొడివి వేయండి, మింగగలిగితే తియ్యటి వెచ్చటి పానీయం పట్టండి. ఇక్కడ వేడికంటే తీపి ముఖ్యం, వణకడానికి ఇంధనం అదే. కనీసం అరగంట కదలనివ్వకండి, ఆ తర్వాత తేరుకుంటే నెమ్మదిగా లేవనివ్వండి. గుండెల మీద, చంకల్లో, వీపు పైభాగంలో వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పెట్టండి. నేరుగా చర్మానికి ఆనించకండి, మొద్దుబారిన చర్మం కాలుతున్నా మనిషికి తెలియదు, ఇలాంటి బొబ్బలు మేం తరచూ చూస్తాం.

వణుకు ఆగి, మగతగా, మాట తేడాగా ఉంటే: నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిలబెట్టకండి. అంబులెన్సుకి గానీ రెస్క్యూకి గానీ వెంటనే ఫోన్. బట్టలు లాగి విప్పకుండా కత్తిరించండి. మిగతాదంతా పైన చెప్పినట్టే, ఇంకా మెల్లగా.

ఏ దశలో ఉన్నా వేడినీళ్ళ స్నానం వద్దు. ఇంటికి తెచ్చాక చాలామంది ముందు ఆలోచించేది అదే, అక్కడే కుప్పకూలతారు.

వానచినుకు
డాక్టరుగారూ, చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. మేం వాణ్ణి దాదాపు ఇరవై నిమిషాలు నడిపించాం.

ఒక సందేహం. మా దగ్గర పొడిబట్టలు ఏవీ మిగల్లేదు, దాక్కోవడానికి చోటూ లేదు. వానలో తడిబట్టలు విప్పడమా మానడమా? ఆ పెద్దమనిషి విప్పకుండానే ఏదో ప్లాస్టిక్ చుట్టి స్లీపింగ్ బ్యాగులో పెట్టాడు, అప్పట్లో నాకు అది తప్పనిపించింది.

కొండబాట
ఆయన సరిగ్గానే చేశాడు. వాన పడుతుంటే, మార్చడానికి పొడిబట్టలు లేకపోతే విప్పకూడదు. తడిబట్టల మీదే ప్లాస్టిక్ చుట్టాలి. తడి ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది, పైన వేసే దుప్పటి తడవదు. ఆ ప్లాస్టిక్ మీద దుప్పటో స్లీపింగ్ బ్యాగో, దాని మీద గాలి, వాన లోపలికి రాకుండా ఇంకో పొర. నెత్తికి టోపీ. ముఖం ఒక్కటే బయట.

అన్నిటికంటే జనం మర్చిపోయేది కింద పరచడం. పైన నాలుగు దుప్పట్లు కప్పి కింద తడినేల మీద వదిలేస్తారు, నేల చేసే పని నేల చేసుకుపోతూనే ఉంటుంది. మ్యాట్ లేకపోతే ఖాళీ చేసిన బ్యాగులు, తాళ్ళ చుట్టలు, ఎండుటాకులు, కొమ్మలు, ఏది దొరికితే అది పరవండి.

చెత్త వేసే పెద్ద ప్లాస్టిక్ సంచులు రెండు నా బ్యాగు అడుగున ఎప్పుడూ ఉంటాయి. బరువే ఉండవు. ఒకసారి ఒకమ్మాయిని నాలుగు గంటలు అందులో ఉంచాం, పక్కనే మంట వేసి, నీళ్ళు కాచి సీసాలు మార్చి మార్చి పెట్టాం. అమ్మాయి మళ్ళీ వణకడం మొదలుపెట్టినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అవును, ఆగిపోయిన వణుకు తిరిగి రావడం మంచి గుర్తు.

పెద్దకూతురు
నేను కొండలెక్కే మనిషిని కాదు కానీ ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. మా అమ్మకి 78 ఏళ్ళు, ఒంటరిగా ఉంటుంది. చలికాలం ఒకరోజు ఫోన్‌లో మాట ముద్దముద్దగా వచ్చింది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పింది. పక్షవాతమేమో అని పరుగెత్తాను. చూస్తే కుర్చీలో కూర్చుని ఉంది, వణుకు లేదు, "చలిగా ఉందా అమ్మా" అంటే లేదంది. పొట్ట మీద చెయ్యి పెడితే చల్లటి బండలా ఉంది. ఇంట్లో ఉన్న థర్మామీటరు అసలు రీడింగే చూపించలేదు, పాడైందనుకున్నాను. ఆసుపత్రిలో 33 అన్నారు. ఇంట్లో కూర్చున్న మనిషికి కూడా ఇలా అవుతుందని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

అర్ధరాత్రి_డాక్టర్
@పెద్దకూతురు పొట్ట మీద చెయ్యి పెట్టి చూశారు చూడండి, చాలా మంచి పని చేశారు. చేతులూ కాళ్ళూ ఎవరివైనా చల్లబడతాయి. దుస్తుల కింద పొట్ట, వీపు చల్లగా ఉంటే అది లోపలి సంగతి.

వయసు పైబడినవాళ్ళకి చలి తెలియడమే తగ్గుతుంది, వణకడానికి కండా తక్కువ. ఇంట్లో 15 డిగ్రీలున్నా గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే ఒంటి వేడి దిగిపోతుంది. రాత్రి బాత్రూములో పడిపోయి తెల్లారేదాకా నేల మీదే ఉండిపోయినవాళ్ళని ఎందరినో చూశాను. నిద్రమాత్రలు, మానసిక వ్యాధులకి వాడే కొన్ని మందులు, థైరాయిడ్ తక్కువగా ఉండటం, షుగరు, ఇవన్నీ దారి చేస్తాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, పెద్దవాళ్ళలో ఒళ్ళు చల్లబడటం ఒక్కోసారి లోపల పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉందనడానికి గుర్తు. జ్వరం రావాల్సింది పోయి వేడి దిగుతుంది. అందుకే వెచ్చబడింది కదా అని ఇంట్లోనే ఉంచేయకండి, చూపించాల్సిందే. పెద్దవాళ్ళున్న ఇంట్లో గది వేడి 18 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది.

థర్మామీటరు సంగతికొస్తే, అది పాడవలేదు. ఇళ్ళలో వాడేవి జ్వరం కోసం చేసినవి, చాలావాటికి 32, 34 కింద చూపించే శక్తి లేదు. నుదుటి ముందు పెట్టి చూసేవైతే చర్మం వేడినే చెప్తాయి, చలిలో వాటిని నమ్మకూడదు. అంకె రాకపోతే "యంత్రం పాడైంది" అనుకునే ముందు "మనిషి చల్లబడ్డాడేమో" అనుకోండి.

కొత్తమ్మ
మా పాపకి పన్నెండు రోజులు, బరువు తక్కువగా పుట్టింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయంటే వెచ్చగా ఉన్నట్టేనా? పాదాలు ఎప్పుడూ చల్లగానే అనిపిస్తున్నాయి. ఇదంతా చదివాక టెన్షన్ వస్తోంది.

నైట్‌డ్యూటీ
@కొత్తమ్మ అడిగి మంచి పని చేశారమ్మా. బుగ్గల ఎరుపుని నమ్మకండి. చల్లబడిన పసిపిల్లల ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టే కనపడి మోసం చేస్తుంది. చేతి వెనకభాగంతో పాదాన్నీ పొట్టనీ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పాదం చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి పడుతోందని, వెంటనే వెచ్చబెట్టాలి. రెండూ చల్లగా ఉంటే హైపోథెర్మియా, ఒంటికి హత్తుకునే ఆసుపత్రికి బయల్దేరండి.

పుట్టినపిల్లలకి లెక్క వేరు, 36.5 నుంచి 37.5 ఉండాలి, 36.5 కన్నా కాస్త తగ్గినా జాగ్రత్తపడాలి. వాళ్ళు మనలా వణకలేరు, ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, తల పెద్దది. పాలు సరిగ్గా పట్టకపోవడం, ఏడుపు నీరసంగా రావడం, ఒళ్ళు వేలాడేసినట్టుండటం, ఇవీ గుర్తులు. వెచ్చబెట్టడానికి మీ గుండెలే అన్నిటికంటే మంచి చోటు: పాపకి డైపరు, టోపీ మాత్రం ఉంచి మీ ఛాతీకి చర్మానికి చర్మం తగిలేలా ఆనించి పైన దుప్పటి. తక్కువ బరువు పిల్లలకి ఇది రోజూ ఎంతసేపు చేస్తే అంత మంచిది, నాన్న కూడా చేయొచ్చు. పక్కలో వేడినీళ్ళ సీసాలు మాత్రం పెట్టకండి.

ఈతగాడు
నీళ్ళ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. చల్లటి నీళ్ళలో పడ్డ మనిషి హైపోథెర్మియాతో వెంటనే పోడు. మొదటి నిమిషంలో గుటుక్కున ఊపిరి లాగేస్తాడు, అది తల నీళ్ళలో ఉన్నప్పుడు జరిగితే మునిగిపోతాడు. ఆ నిమిషం ఈదకుండా, తల పైన పెట్టుకుని, ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తర్వాత చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, ఒడ్డుకి చేరాలన్నా పడవ పట్టుకోవాలన్నా ఆ పదిలోనే. వేళ్ళు కొంకర్లు పోయాక తాడు విసిరినా పట్టుకోలేడు. గడ్డకట్టేంత చల్లటి నీళ్ళలో కూడా స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది, కానీ లైఫ్‌జాకెట్ ఉన్నవాడికే ఆ గంట దక్కుతుంది. ఒడ్డు దూరమైతే మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని కదలకుండా ఉండాలి, నలుగురుంటే దగ్గరగా అతుక్కుని ఉండాలి.

బయటికి తీసేటప్పుడు నిలువుగా లాగకండి, వీలైతే అడ్డంగా తీయండి. చెయ్యి అందుకునేదాకా మాట్లాడుతున్న మనిషి పడవలోకి రాగానే గుండె ఆగి పోవడం నేను ఒకసారి చూశాను. ఆయన మా నాన్న వయసువాడు.

ప్రశ్నలబుట్ట
ఒక భయంకరమైన ప్రశ్న, క్షమించండి. మనిషి కొయ్యబారిపోయి, ఊపిరీ నాడీ దొరకకపోతే? అప్పుడు ఇంక ఏం లాభం?

అర్ధరాత్రి_డాక్టర్
క్షమించడానికేముంది, ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. చలిలో చనిపోయినట్టు కనపడటం, చనిపోవడం ఒకటి కావు. గుండె నిమిషానికి పది సార్లే కొట్టుకుంటూ ఉండొచ్చు, ఊపిరి ఛాతీ కదలనంత మెల్లగా ఉండొచ్చు. అందుకే మామూలుగా పది సెకన్లు చూసే చోట, ఇక్కడ నిమిషం నిండా చూడాలి. అప్పటికీ ఏమీ తెలియకపోతే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ నోటితో ఊపిరి అందించడం) మొదలుపెట్టండి, మామూలు వేగంతోనే, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు. ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చే చిన్న యంత్రం, ఉంటే తగిలించండి.

అంత చలిలో మెదడుకి కావలసిన ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, అదే మనకి దొరికే గడువు. 1999 మేలో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే యువ వైద్యురాలు స్కీయింగ్ చేస్తూ పడి గడ్డకట్టిన ఏటి మంచు కింద 80 నిమిషాలు ఇరుక్కుపోయింది. బయటికి తీసేసరికి గుండె ఆగిపోయి ఉంది. దారంతా సీపీఆర్ చేస్తూనే హెలికాప్టర్లో ట్రోమ్సో ఆసుపత్రికి తెచ్చారు. ఒంటి వేడి 13.7 డిగ్రీలు. రక్తాన్ని బయటికి తీసి యంత్రంలో వెచ్చబెట్టి తిరిగి పంపించారు, గుండె మళ్ళీ కొట్టుకుంది. చేతుల నరాలు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది, కానీ ఆమె తర్వాత అదే ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా పనిచేసింది. అందరికీ ఇలా జరగదు. చల్లబడక ముందే ఊపిరాడక గుండె ఆగినవాళ్ళకి అవకాశం చాలా తక్కువ. కానీ పక్కనున్నవాడు ఆ తీర్పు చెప్పకూడదు, వెచ్చబెట్టాకే ఆసుపత్రి చెప్పాలి.

రాతిబండ
మందు గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నా బ్యాగులో దాని చోట ఆ పెద్ద ప్లాస్టిక్ సంచులు, చక్కెర పొట్లం పెట్టాను. ఇంకొక్కటి చెప్పండి, ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందంటారు, టోపీ పెట్టుకుంటే సరిపోతుందా?

నైట్‌డ్యూటీ
సగం కాదండి. పెద్దవాళ్ళలో తల మొత్తం చర్మంలో పదో వంతు కూడా ఉండదు, పోయే వేడీ దాదాపు అంతే. మిగతాదంతా కప్పి తల ఒక్కటే వదిలేస్తే మాత్రం పోయేదంతా అక్కణ్ణించే. టోపీ పెట్టుకోండి, తడిచొక్కా కూడా మార్చుకోండి.

చిరిగిన_కోటు
ఆ స్నేహితుణ్ణి నేనే. వీడు లింకు పంపితే మూడు రోజుల్నుంచి చదువుతున్నాను, ఇవాళ రాయాలనిపించింది.

మీరందరూ బయటినుంచి చూసింది రాశారు, నేను లోపల ఎలా ఉందో చెప్తాను. వణుకుతున్నంతసేపూ నాకు భయంగానే ఉంది, ఆగుదాం అని చెప్పాలనుకున్నాను, జట్టుని వెనక్కి లాగడం ఇష్టం లేక చెప్పలేదు. వణుకు ఆగాక ఆ భయం కూడా పోయింది. అది ఎంత హాయిగా ఉందో చెప్తే మీరు నమ్మరు. చలి లేదు, బాధ లేదు, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు అనిపించింది. వీళ్ళు పలకరిస్తుంటే నన్ను ఎందుకు విసిగిస్తున్నారని కోపం వచ్చింది. జిప్పు గుర్తుంది నాకు. దాన్ని చూస్తున్నాను, వేళ్ళు దాని మీదే ఉన్నాయి, కానీ జిప్పు ఎలా తీస్తారో తెలియలేదు. అది తెలియకపోవడం వింతగా కూడా అనిపించలేదు. కోటు విప్పడం గుర్తులేదు. ఆ తర్వాత గుర్తున్నది స్లీపింగ్ బ్యాగులో ఎవరో నా చెవి దగ్గర "ఇంకా వణుకు, బాగా వణుకు" అనడం.

"బాగున్నావా" అని వీడు నన్ను నాలుగైదు సార్లు అడిగాడట. ప్రతిసారీ బాగున్నానన్నాను. నిజంగా బాగున్నాననే అనుకున్నాను. వీడు తనని తాను తిట్టుకుంటున్నాడు, కానీ రేయ్, జవాబు తప్పు చెప్పింది నేను.

వానచినుకు
నువ్వు చెప్పిన జవాబు తప్పు కాదురా, నేనడిగిన ప్రశ్నే తప్పు. మరి ఏం అడగాలి? @కొండబాట గారూ, మీరు మీ జట్టుని ఏమని అడుగుతారు?

కొండబాట
నేను అడగను, చేయిస్తాను. బొటనవేలి కొసని చిటికెనవేలి కొసకి ఆనించమంటాను, రెండు చేతులతో. చల్లబడుతున్న చెయ్యి అది చేయలేదు. పది అడుగులు తిన్నగా నడవమంటాను. వంద నుంచి తొమ్మిది తొమ్మిది తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమంటాను, బయల్దేరేటప్పుడు ఒకసారి చేయించి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది, లెక్కలు రానివాళ్ళకి వేరేది ఏదైనా పెట్టుకోండి. వాన మొదలైతే ప్రతి అరగంటకీ ఇది. ఒక్కటి తప్పినా జట్టంతా ఆగుతుంది, పొడిబట్టలు, తీపి, గాలికి అడ్డం. ఇద్దరిద్దరు జతలుగా నడవాలి, ఎవరి వేళ్ళు వాళ్ళు చూసుకోకూడదు, ఒకరివి ఒకరు చూడాలి. నాయకుడి వేళ్ళు కూడా ఎవరో ఒకరు చూడాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

చిరిగిన_కోటు
ఇప్పుడే కూర్చున్నచోట చేసి చూశాను. కుడిచెయ్యి ఆనింది. ఎడమచేతి చిటికెనవేలు కొస ఇంకా కాస్త తిమ్మిరిగా ఉంది, ఆనిందో లేదో చూస్తేగానీ తెలియడం లేదు.

అర్ధరాత్రి_డాక్టర్
@చిరిగిన_కోటు వారాలపాటు తిమ్మిరి ఉండటం మామూలే, అయినా ఆ వేలు రంగు మారినా, నొప్పి పెరిగినా, బొబ్బ వచ్చినా వెంటనే చూపించండి. చలికి మళ్ళీ త్వరగా దెబ్బతింటుంది, ఈ చలికాలమంతా గ్లవుజు తీయకండి.

వానచినుకు
రేపు వీణ్ణి నేనే తీసుకెళ్ళి చూపిస్తాను డాక్టరుగారూ. వచ్చే నెల మళ్ళీ ఆరుగురం వెళ్తున్నాం, మూడు జతలు. వీడి వేళ్ళు నేను చూస్తాను, నావి వీడు చూస్తాడు. ఫోన్‌లో అరగంటకోసారి అలారం ఇప్పుడే పెట్టాను.